నాలుగో శనివారం కోసం విప్పిన మైకు బూరలు

1999 జూలై, ఒక శుక్రవారం ఉదయం. నర్సీపట్నంలో మెకానిక్ షెడ్డు. ఉన్నవారు: నేను, నా భార్య, మెకానిక్. కారు పైన, ఎప్పటిలాగే, మామగారి మైకు బూరలు రెండు.

కారు మామగారిదే. పాత అంబాసిడర్. ఆయన పాస్టరుగా పనిచేసిన రోజుల్లో గొలుగొండ, నాతవరం వైపు ఊళ్ళలో సాయంత్రం సభలకు అందులోనే వెళ్ళేవారు. పైన ఇనుప కేరియర్ వేయించి, ఒక బూర ముందుకి, ఒకటి వెనక్కి తిప్పి బిగించారు. ముందుది వస్తున్నానని చెప్పడానికి, వెనకది మళ్ళీ వస్తానని చెప్పడానికి అని నవ్వేవారు. ఆయన పోయాక కారు మాకు వచ్చింది. మైకు మూగబోయింది కానీ బూరలు అలాగే ఉండిపోయాయి. కొన్నాళ్ళకు పెట్రోలు ఇంజను చేతులెత్తేస్తే, తుక్కుకి వెళ్ళిన వ్యాను నుంచి తీసిన డీజిల్ ఇంజను వేయించాను.

మేము ఆ కారు ఉంచుకున్నది వదిన కోసం. నా భార్యకి అక్క ఆవిడ. విశాఖపట్నంలో కొడుకు, కోడలి దగ్గర ఉండేది. పక్షవాతం వచ్చి మాట పడిపోయింది, కుడిచెయ్యి పడిపోయింది. శనివారం శనివారం నా భార్య వెళ్ళి తలకి పోసి, చిక్కు తీసి జడ వేసేది. ఇంకెవరు దువ్వెన పట్టుకున్నా వదిన మొహం గోడ వైపు తిప్పేసుకునేది. నా భార్యకేమో వెన్ను ఆపరేషన్ అయింది. బస్సులో కుదుపులు పనికిరావని డాక్టరు అన్నారు. కారు వెనక సీట్లో పడుకుని వెళ్ళడం ఒక్కటే దారి.

పెన్షన్ రాగానే నెలకి ఒకసారి టాంకు నింపించేవాణ్ణి. ఆపైన పోయించే స్తోమత లేదు. ఆ టాంకు మూడు శనివారాలకే సరిపోయేది. నాలుగో శనివారం నా భార్య వంటింట్లో ఏదో ఒక డబ్బా తోముతూ ఉండేది. అవతల వదిన ఆ రోజు జుట్టు విరబోసుకునే పడుకుందని కోడలు ఫోనులో చెప్పేది.

నేను సర్వే శాఖలో పనిచేసినవాణ్ణి. కొలవకుండా దేన్నీ నమ్మను. మెకానిక్ కూడా అలాంటివాడే దొరికాడు. లీటరుకి ఎంత దూరం పోతుందో చూడ్డానికి బానెట్ కింద డీజిల్ పోసిన లీటరు సీసా కట్టి, ఇంజనుకి వెళ్ళే గొట్టం, తిరిగొచ్చే గొట్టం రెండూ అందులోనే పెట్టాడు. తాళ్లపాలెం జంక్షన్ దగ్గర సీసా నింపుకుని, హైవే ఎక్కి అనకాపల్లి వైపు పోవాలి. సీసా అడుగంటే లోపు శారదా నది వంతెన చేరితే నాలుగో శనివారం మనదే అని అతని లెక్క. మొదటిసారి వంతెనకి ఇవతలున్న కశింకోట కూడా రాలేదు.

ఒక్కొక్కటే సరిచేశాం. పట్టేస్తున్న బ్రేకులు వదులు చేశాడు, ఫిల్టరు మార్చాడు, డీజిల్ పంపు టైమింగ్ చూశాడు, టైర్లలో గాలి సరిగ్గా కొట్టించాడు. వెనక ఇరుసులోని పళ్ళచక్రాలు పాత పెట్రోలు ఇంజనుకి కుదిరినవి. డీజిల్ ఇంజను అంత జోరుగా తిరగలేదు, అరవైకే అరిచేది. అందుకని యాభై దాటనని మాటిచ్చాను. లారీలు, ట్రాక్టర్లు కూడా మమ్మల్ని దాటుకుపోయేవి. అంత చేసినా వంతెన కనుచూపు మేరలో ఉండగానే సీసా ఖాళీ.

ఆ శుక్రవారం మెకానిక్ కారు చుట్టూ తిరిగి పైకి చూశాడు.

"సర్వేరుగారూ, ఇంకేటి మిగల్లేదండి. పైన ఆ బూరలే. బండి గాలిని వాటేసుకుని ఎల్తన్నాది. ఆటిని, కేరియర్నీ ఇప్పేస్తే వంతెన దాటుద్ది."

ఆ సంగతి నాకు ఎప్పుడో తట్టింది. నోరు రాలేదు. కారు నీడలో స్టూలు మీద కూర్చున్న నా భార్య వినేసింది.

"ఇప్పేయ్ బాబూ. మా నాన్నైతే ఈపాటికి తనే స్పానర్ పట్టుకునేవారు."

"అమ్మగారూ, పెద్దాయన గుర్తు కదా. ఆలోసించి సెప్పండి."

"గుర్తుకేటి, అటక మీదైనా ఉంటాది. కానీ..." నా వైపు తిరిగింది. "ఏవండీ, మనం వచ్చినట్టు అప్పకెలా తెలుస్తాది?"

అప్ప అని తను పిలిచేది వదిననే. వదిన మంచం కిటికీ పక్కన. ఎదురుగా ఎత్తైన ప్రహరీ. కారు ఆగితే గోడ మీంచి కనబడేవి ఆ బూరలే. అవి కనబడగానే వదిన ఎడమచేతి ఉంగరంతో మంచం చువ్వని టకటకా కొట్టేది. ఆవిడకి మిగిలిన మాట అదే.

"కారు హారన్ కొడతాను" అన్నాను.

"వీధిలో పోయే ప్రతీవోడూ కొడతాడు" అంది నా భార్య. కాసేపు చీరకొంగు వేలికి చుట్టుకుంది. "అయినా ఇప్పించండి. గుర్తుపట్టినా పట్టకపోయినా జడ పడుద్ది."

తుప్పుపట్టిన బోల్టులు మధ్యాహ్నానికి వదిలాయి. ఆమెను ఇంటి దగ్గర దింపి, మెకానిక్, నేను సీసా కట్టుకుని బయలుదేరాం. కశింకోట దాటింది. వంతెన ఎక్కాం, దిగాం. పక్కకి ఆపి చూస్తే సీసా అడుగున డీజిల్ ఇంకా కదులుతోంది. మెకానిక్ బానెట్ మీద చెయ్యి వేసి "బేగి ఇంటికెల్లి అమ్మగారికి సెప్పండి" అన్నాడు. చెప్పాను. ఆమె తల ఊపి, దువ్వెన సంచిలో పెట్టుకుంది.

మర్నాడు ఉదయం బయలుదేరేటప్పుడు ఆమె వెనక సీట్లో పాత తువ్వాలు చుట్టిన మూట ఒకటి పక్కన పెట్టుకుంది. ఏమిటని అడిగితే "మీరు యాభైలో పోనీండి" అంది. వైజాగ్‌లో ప్రహరీ పక్కన కారు ఆపాను. లోపల ఏ చప్పుడూ లేదు. ఆమె మెల్లగా దిగి తువ్వాలు విప్పింది. ముందుకి తిప్పి ఉండే బూర. శుభ్రంగా తుడిచి ఉంది.

"నాకు అందదు. మీరే ఎత్తండి."

రెండు చేతులా పట్టుకుని గోడ పైకి ఎత్తాను. సైకిలు మీద పోతున్న కూరలాయన ఆగి, "ఏటి తాతగారూ, మైకు టెస్టింగా?" అన్నాడు.

"నోర్మూసుకో బాబూ, వినబడాలి" అంది నా భార్య.

ముగ్గురం గోడ వైపు చెవి పెట్టి నిలబడ్డాం. కాసేపటికి కిటికీలోంచి, ఇనుప చువ్వ మీద ఉంగరం చప్పుడు. నా చేతులు లాగుతున్నా అది ఆగేదాకా బూర దించలేదు. నా భార్య అప్పటికే గేటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.