పసుపు దీపాల గది బయట

రెండోసారి గర్భం నిలిచిందని తెలిసిన మరునాడే మా బాస్‌కు చెప్పేశాను. మొదటిది, ఆఫీసులో ఎవరికైనా చెబుదామనుకునేలోపే పోయింది.

మ్యూనిక్ శివార్లలోని ఒక చిన్న కంపెనీలో నేను కెమిస్టును. లేజర్ ప్రింటర్ లోపల తిరిగే డ్రమ్ముకు నీలిరంగు పూత వేయడం మా పని. డ్రమ్ము మీద చీకట్లో నింపిన విద్యుత్తు, లేజర్ వెలుగు తగిలిన చోట ఆ రంగు వల్ల ఇంకిపోతుంది. అక్కడే సిరాపొడి అంటుకుని అక్షరమవుతుంది. మామూలు వెలుతురుకు రంగు పాడవుతుందని మా ల్యాబ్‌లో పసుపు దీపాలే పెడతారు. అక్కడే రంగును ద్రావకంలో కలిపి గంటల తరబడి నూరుతాం.

ఆ రోజుల్లో మా పూతకు ఒక జబ్బు ఉండేది. ఒక పేజీలోని అక్షరాల నీడ తర్వాతి పేజీ మీద లీలగా పడేది. చాలాకాలంగా నేను దాని వెంటే పడ్డాను. నూరే ద్రావకం మారిస్తే నీడ పోతుందని అప్పుడప్పుడే నమ్మకం కుదురుతోంది.

బాస్ నన్ను అభినందించి, వెంటనే కంపెనీ డాక్టరుకు ఫోన్ చేశారు. మధ్యాహ్నానికల్లా నా కార్డుతో ల్యాబ్ తలుపు తెరుచుకోలేదు. కడుపుతో ఉన్నవాళ్లను ఆ ద్రావకాల దగ్గరికి రానివ్వరు. నా మంచికేనని తెలుసు. అయినా ఏడుపొచ్చింది.

"జీతం ఆగదు గదా. ఆఫీసు రూంల కూసొని పని చేస్కో. ఇంకేం గావాలె?" అన్నాడు మా ఆయన.

"నేను మొదలువెట్టింది వేరేటోళ్లు పూర్తి చేస్తరు."

"చెయ్యనీ. పోయినసారి ఏమైందో యాదికి లేదా?"

నాకు యాదికి లేకపోవడమా!

నెలనెలా చెకప్ టెర్మిన్‌కు వెళ్లినప్పుడు కాన్పుల డాక్టరమ్మను అడిగాను, మొదటిది ఆ ద్రావకాల వల్లే పోయిందా అని. ఆమె నా పాత రిపోర్టులు తిరగేసింది. "అవునని చెప్పలేను. కాదనీ చెప్పలేను." అవునని తేల్చి చెప్పినా తట్టుకునేదాన్నేమో.

నా పనిని తోటి జర్మన్ కెమిస్టు అందుకుంది. ఏం కలపాలో నా బల్ల దగ్గర కూర్చుని అడిగేది, వెళ్లి కలిపేది. ఒకరోజు కాగితం ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చింది. "నీడ పోయింది! మనం సాధించాం!" అంటూ కౌగిలించుకుంది. మీటింగులోనూ నా పేరే ముందు చెప్పింది. అందరితో పాటు నేనూ నవ్వాను. కానీ ఆ కాగితాన్ని మొదట చూసినవి నా కళ్లు కావే అని లోపల కలుక్కుమంది. కడుపులో బిడ్డ కదలడం మొదలైన వారమే అలా అనిపించినందుకు సిగ్గేసింది.

పాప క్షేమంగా పుట్టింది. పగలంతా పిల్లల్ని చూసుకునే కీటాలో దాన్ని చేర్చాక, డెస్క్ పని కావాలా, ల్యాబ్ కావాలా అని బాస్ అడిగారు. ల్యాబే అన్నాను.

"మళ్ల గా ల్యాబ్‌కేనా?" అన్నాడు మా ఆయన.

"ఆఁ."

"ఇంకొకల్లను కనాలని లేదా మనకు?"

ల్యాబ్‌లో మొదటిరోజు ద్రావకం సీసా ముందు నిలబడగానే చెయ్యి దానంతటదే పొట్ట మీదికి పోయింది. గ్లవ్స్ తొడుక్కుని, రంగు తూచడం మొదలుపెట్టాను.