మూడు టిఫిన్ డబ్బాల శంకరవ్వ

ఇద్దరు కొడుకులూ ఒకే చాప మీద కొట్లాడుకోకుండా కూర్చుని అన్నం తిన్నప్పుడే శంకరవ్వకు అనుమానం రావాల్సింది. రెండు వేల పదకొండు మే నెల. సిరిసిల్లలో ఎండ నిప్పులు చెరుగుతోంది. పెద్దకొడుకు లక్ష్మీరాజానికి ఇంటి వెనక షెడ్డులో నాలుగు సాంచాలున్నాయి. మరమగ్గాలను అక్కడ అట్లాగే అంటారు. చిన్నకొడుకు యాదగిరి కోరుట్లలో సర్కారు ఆఫీసులో గుమాస్తా. అన్నదమ్ములిద్దరూ కలిస్తే ఏదో ఒక మాట మీద చిటపటలాడకుండా లేచింది లేదు. ఆ రోజు మాత్రం అన్న ఏమన్నా తమ్ముడు తలూపుతున్నాడు.

చేతులు కడుక్కుని లక్ష్మీరాజం సంగతి బయటపెట్టాడు.

"అవ్వా, రాకేశ్‌ను, నవ్యను జగిత్యాల ఇంగ్లీషు మీడియం బడిల ఏసినం. రూము గూడ మాట్లాడినం. నువ్వు పోయి వాళ్లతోని ఉండాలె."

"నేనా?"

"ఇంకెవలుంటరు? శారద పోతే ఇల్లెట్ల నడుస్తది? హాస్టల్ల తిండి పిల్లలు తినలేరు. నువ్వుండంగ హాస్టలెందుకు?"

ఆమె నోరు తెరిచేలోపే యాదగిరి అందుకున్నాడు. "అన్న పిల్లలకు వండిపెట్టంగ మా సాయితేజకు వండిపెట్టవా? ఆడు గూడ నీ మనుమడే గద. మూడో తరగతి పిల్లగాడు, ఓ మూలకు పడుంటడు."

కోరుట్లలో బళ్లు లేవా అని ఆమె అడిగింది. ఉన్నాయట. కానీ బావగారి పిల్లలు జగిత్యాలలో చదువుతుంటే తన కొడుకు కోరుట్లలో ఎందుకు చదవాలని యాదగిరి భార్య భాగ్య పట్టుబట్టిందట.

"మరి నన్నడిగినారురా ఎవలన్న?"

"గిప్పుడు అడుగుతున్నం గద," అన్నాడు లక్ష్మీరాజం. రూముకు అప్పటికే అడ్వాన్సు ఇచ్చివచ్చాడు.

శంకరవ్వకు అరవై ఒకటి. భర్త పోయి పన్నెండేళ్లు. ఏడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు కండెలు చుట్టడానికి కూర్చుంది. మగ్గంలో అటూ ఇటూ పరుగెత్తే నాడెలో పెట్టే నూలు కండెలు. ఆమె చుట్టిన కండె మధ్యలో చిక్కుపడదని ఆ వాడలో పేరు. కొడుకు సాంచాలకే కాక పక్కింటి దేవయ్య సాంచాలకు కూడా చుట్టేది. షెడ్డు వాకిట్లో తనతోపాటు కూర్చునే ఆడవాళ్లు నలుగురు, మధ్యాహ్నం చాయ, సాంచాల చప్పుడు మీదుగా అరుచుకుంటూ చెప్పుకునే ముచ్చట్లు. ఆమె బతుకంతా అదే. అది ఒక పని అనిగానీ, అందులో ఆమెకు ఇష్టమనేది ఒకటుంటుందనిగానీ కొడుకులకు తోచలేదు. పనీపాటా లేని ముసలమ్మను పనిలో పెడుతున్నామనుకున్నారు. పెద్దకోడలు శారద గుమ్మంలో నిలబడి అంతా విన్నది.

జూన్‌లో జగిత్యాలకు మకాం మారింది. రాబియా బీ అనే ఆమె ఇంట్లో మేడ మీద ఒక గది, దాని ముందు వంటకు ఓ రేకుల పంచ. రాబియా బీ భర్త పాషా ట్రాలీ ఆటో నడుపుతాడు.

శంకరవ్వ నాలుగున్నరకు లేచేది. మూడు టిఫిన్ డబ్బాలు, మూడు రకాలు. తొమ్మిదో తరగతి రాకేశ్‌కు పప్పు కంటబడితే కోపం. ఆరో తరగతి నవ్య ఏది పెట్టినా తింటుంది, కానీ జడలు వేస్తేగానీ కదలదు. సాయితేజకు అన్నం తెల్లగానే ఉండాలి. మీద ఏ రంగు కనబడినా ఏడుపు. వండటం ఒక ఎత్తు, ఫోన్లు ఒక ఎత్తు. కోరుట్ల నుంచి భాగ్య: "అత్తమ్మా, సాయికి పెరుగు పెట్టకుండ్రి, సర్ది జేస్తది." సిరిసిల్ల నుంచి శారద: "అత్తమ్మా, రాకేశ్ బక్కగైండట, రోజు గుడ్డు పెట్టుండ్రి." ఆమె రాకేశ్‌కు గుడ్డు పెట్టింది. సాయితేజకూ పెట్టింది, చిన్నపిల్లాడు కదా అని సగం. ఆ సాయంత్రమే ఆ సగం గుడ్డు సంగతి కోరుట్లకు చేరింది. ఆ తర్వాత నెల రోజులు తోడికోడళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు; ఇద్దరూ శంకరవ్వతోనే మాట్లాడారు, ఒకరి మీద ఒకరు.

బడివాళ్లు పెద్దల మీటింగు పెడితే పోయింది. పిల్లలు కూర్చునే బెంచీ మీద మోకాళ్లు ముడుచుకుని రెండు గంటలు కూర్చుంది. టీచరమ్మ అంతా ఇంగ్లీషులో చెప్పి, చివరికి ఏమైనా అడగాలా అని తెలుగులో అడిగింది.

"ఇంటికెప్పుడు పంపుతరు బిడ్డా?" అంది శంకరవ్వ.

అందరూ నవ్వారు. ఆమె నవ్వలేదు. పొయ్యి మీద పప్పు పెట్టి, కాస్త చూడమని రాబియా బీకి చెప్పి వచ్చింది.

"నీకు ముగ్గురే అక్కా," అని రాబియా బీ ఓదార్చబోయింది. "మా ఇంట్ల కింద ఎనమండుగురు. గానీ ఒక్క మాట నిజం. నన్నెవలూ ఊరు మార్పియ్యలే."

సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. ఆఫీసులు మూశారు, బళ్లు మూశారు, వారం తిరక్కుండానే బస్సులూ ఆగిపోయాయి. తెలంగాణ రావాలని శంకరవ్వకూ ఉంది. సిరిసిల్ల ఊరేగింపుల్లో ఆమె కూడా జెండా పట్టుకుని నడిచింది. కానీ బడి లేని ముగ్గురు పిల్లలతో ఒక్క గదిలో పొద్దుందాకా ఉండటం వేరే సంగతి. డబ్బాలు కట్టే పని తప్పింది. దానికి బదులు గంటగంటకూ ఆకలి. రాకేశ్ టీవీ అంటాడు, నవ్య పుస్తకం చదువుకుంటా చప్పుడు చెయ్యొద్దంటుంది, సాయితేజ ఇద్దరి మధ్యా దొర్లుతాడు.

పెద్దకొడుక్కు ఫోన్ చేసింది. "వచ్చి పిల్లల్ని తోల్కపో."

"ఇయ్యాల రేపట్ల తెరుస్తరవ్వా. ఈడికొస్తే సాంచాల సప్పుట్ల ఏం సదువుతరు?"

చిన్నకొడుక్కు చేసింది. "నీకు ఆఫీసు లేదు, నీ కొడుక్కు బడి లేదు. తోల్కపోయి నువ్వే సూస్కోరాదు?"

"అవ్వా, నేను ఉద్యమంల ఉన్న. పొద్దుందాక టెంటు కిందనే. భాగ్య ఒక్కతి ఆనితోని ఎట్ల ఏగుతది?"

"నేను ముగ్గురితోని ఏగుతలేనా?"

"నీకలవాటే గదవ్వా."

మరో వారం గడిచింది. ఒకరోజు రాకేశ్ పాలు తెస్తానని పోయి, విద్యార్థుల ఊరేగింపులో కలిసి, చీకటి పడుతుండగా గొంతు బొంగురుపోయి వచ్చాడు. టీవీ వార్తల్లో ఎవరో చుట్టం వాణ్ణి చూసి సిరిసిల్లకు కబురు చేశాడు. లక్ష్మీరాజం ఫోన్ వెంటనే మోగింది.

"అవ్వా, నీకున్నదే ఒక్క పని. ఒక్క పిల్లగాన్ని సూస్కోరాదా?"

శంకరవ్వ ఫోన్ నవ్య చేతికిచ్చి, "బంద్ చెయ్యి బిడ్డా," అంది. తర్వాత మెట్లు దిగి పాషా దగ్గరికి పోయింది.

"తమ్మీ, పొద్దుగాల్ల ఆటో కావాలె. ముందు కోరుట్ల, ఆడికెళ్లి సిరిసిల్ల."

"చుట్టు తిరుగుడైతది గదక్కా?"

"కానీ. నాలుగు నెలల సంది నేను తిరుగుతలేనా?"

తెల్లారి బట్టలు, పుస్తకాలు, గిన్నెలు, ముగ్గురు పిల్లలు ట్రాలీలో ఎక్కారు. తొమ్మిదిన్నరకల్లా కోరుట్ల. ఆఫీసు ముందర టెంటు, టెంటు ముందర రోడ్డుకడ్డంగా మూడు రాళ్ల పొయ్యిలు. ఆ రోజు వంటావార్పు: రోడ్డు మీదే వండుకుని, రోడ్డు మీదే తినడం. రెండు వందల మందికి పెద్ద గంజులో కిచిడీ ఉడుకుతోంది. మెడలో గులాబీ కండువా, మోచేతుల దాకా మడిచిన చొక్కా, చేతిలో పొడుగాటి గరిటె. కిచిడీ కలుపుతున్నది యాదగిరి.

శంకరవ్వ ఆటో దిగి కాసేపు అట్లాగే చూసింది. ఇంట్లో కడవలోంచి గ్లాసెడు నీళ్లు ముంచుకోవడం ఎరగడు. చెమట తుడుచుకుంటూ, అడుగంటకుండా భలే కలుపుతున్నాడు.

సాయితేజ చెయ్యి పట్టుకుని ఆమె పొయ్యి దాకా నడిచింది. తల్లిని చూసి యాదగిరి చేతిలో గరిటె ఆగిపోయింది.

"ఏందవ్వా గిట్లొచ్చినవ్?"

"వంటొస్తదటగా నీకు?" అని పిల్లాణ్ణి ముందుకు నెట్టి, సంచీ డబ్బా కొడుకు చేతిలో పెట్టింది. "రెండొందల మందికి వండెటోనికి ఒక్క కొడుకెంత? గిది ఆని సంచి, గిది ఆని డబ్బా. పెరుగు పెట్టకు, సర్ది జేస్తదట. నీ పెండ్లమే చెప్పింది."

చుట్టూ ఉన్నవాళ్లకు నవ్వాలో వద్దో తెలియలేదు. యాదగిరి ముఖం పొయ్యి సెగకు ఎర్రబడిందో సిగ్గుకో తెలియదు.

"అవ్వా, గిది ఉద్యమం..."

"గది గూడ ఉద్యమమే," అని శంకరవ్వ కొడుకు చేతిలోని టిఫిన్ డబ్బా వైపు వేలు చూపించింది. "నాది నాలుగు నెలల సంది నడుస్తుంది. నాకు టెంటు గూడ ఎయ్యలే ఎవలు."

అప్పుడు మాత్రం అందరూ నవ్వారు. సాయితేజ తండ్రి పక్కన నిలబడి గంజులోకి తొంగిచూసి, "పచ్చగుంది, నేను తిన," అన్నాడు. ఆ సంగతి వాళ్ల నాన్నే చూసుకుంటాడని శంకరవ్వ ఆటో ఎక్కింది.

కథలాపూర్ దాటాక నవ్య నోరు విప్పింది. పొద్దుటి నుంచి ఒళ్లో సంచి పెట్టుకుని కూర్చునే ఉంది.

"బాపమ్మా, ఇగ నేను సదువుకోవద్దా?"

"ఎవలన్నరే?"

"బడి తెరిస్తే నన్నెవలు తోల్కపోతరు? అన్నకు ఆ బడి ఇష్టం లేదు. నాకిష్టం. మాట్స్ టీచర్ మంచిగ చెప్తది. నువ్వు రానంటే నాయిన నన్ను గూడ ఆపుతడు."

శంకరవ్వకు ఒళ్లు మండింది. ఎవరి మీదో చెప్పడం కష్టం. నాలుగు నెలలుగా జడలు వేస్తోంది గానీ, ఈ పిల్లకు ఏం కావాలని ఒక్కనాడూ అడగలేదు. తనను అడగలేదని ఇంత దూరం కోపం మోసుకొస్తోంది. తాను మాత్రం ఎవరినడిగింది? పాషా వేములవాడలో చాయకు ఆపినా ఆమె దిగలేదు.

సిరిసిల్లలో ఆటో ఆగేసరికి లక్ష్మీరాజం షెడ్డులోంచి ఉరికివచ్చాడు.

"ఫీజంత కట్టినం. నువ్విట్ల నడిమిట్ల తోల్కొస్తే ఎట్లవ్వా?"

"మీ అవ్వను తర్వాత అందువు గాని," అంటూ శారద బయటికి వచ్చింది. ఆమె వేళ్లకు గుడ్డపేలికలు చుట్టి ఉన్నాయి. "అత్తమ్మ పోయిన కాన్నుంచి కండెలు నేను చుడుతున్న. సగం తెగుతున్నయి, రోజు రెండు సాంచాలు ఊకె ఉంటున్నయి. గది ఆమెతోని ఎందుకు చెప్పవు?"

లక్ష్మీరాజం గోడ వైపు చూశాడు. శంకరవ్వ కోడలి వేళ్ల వైపు చూసింది.

"నువ్వన్న చెప్పద్దా?"

"నన్ను మాత్రం ఎవలడిగిన్రు అత్తమ్మా?"

ఆ రోజు శంకరవ్వ అన్నం కూడా తినకుండా ఇంటిల్లిపాదినీ వాకిట్లో కూర్చోబెట్టింది. ముందు పిల్లలను అడిగింది. రాకేశ్ సిరిసిల్ల సర్కారు బడిలో పాత దోస్తులతో చదువుతానన్నాడు. "సదివేది ఆడు, నువ్వు గాదు," అని కొడుకు నోరు మూయించింది. నవ్య జగిత్యాలకే పోవాలి. పిల్లతో ఉండటానికి ఒక పదిహేను రోజులు తాను, ఒక పదిహేను రోజులు శారద.

"శారద పోతే నాకు వండేదెవలు?" అన్నాడు లక్ష్మీరాజం.

"జగిత్యాలల నేనున్నప్పుడు ఆడ నేను వండుత. శారద పోంగ నేను కండెలకు కూసుంట, పొయ్యి కాడ నువ్వు కూసో. ఎట్ల వండుతరో నీ తమ్మునికి ఫోన్ చేసి అడుగు."

ఒప్పుకోవడానికి అతనికి దసరా దాటింది. అక్టోబరు చివర్లో బళ్లు తెరిచారు. సాయితేజ తండ్రి స్కూటర్ మీద కోరుట్లలోనే బడికి పోతున్నాడని భాగ్య ఫోన్లో చెప్పింది, గొంతులో ఇంకా కోపం పోలేదు. తెల్లన్నం మీద పప్పు పోస్తే తింటున్నాడట.

నవంబరులో శారద వంతు వచ్చింది. ఆమె జగిత్యాలకు పోయిన మర్నాడు శంకరవ్వ షెడ్డు వాకిట్లో కండెలు చుడుతోంది. సాంచాల చప్పుడులో లక్ష్మీరాజం వంటింట్లోంచి రెండుసార్లు పిలిచాడు. ఆమె వినిపించుకోలేదు. మూడోసారి ఉప్పు డబ్బా పట్టుకుని తానే వచ్చాడు.

"అవ్వా, పప్పుల ఎంత ఉప్పెయ్యాలె?"

"నాలిక లేదారా నీకు?" అంది శంకరవ్వ, పోగు మీది నుంచి చూపు తిప్పకుండా. "ఏసి సూడు, సూసి ఎయ్యి. రాకేశ్‌గాడు పప్పు తినడు, ఆనికి ఇంకోటి వండు."