మూలలు లేని ముగ్గు

మా డ్రాయింగ్ సార్ ఇక లేరు. పోయిన వారం తార్నాక నుంచి వాళ్లమ్మాయి ఫోన్ చేసింది. "అక్కా, నాన్న పోయిండు. నిద్రలనే పోయిండు, ఏం తిప్పల పడలే" అంది. ఏడుపు కంటే ముందు నాకు "హమ్మయ్య" అనే మాటే వచ్చింది. నిరుడంతా మంచం మీద ఆయన పడ్డ అవస్థ చూసినవాళ్లెవరికీ ఆ మాట తప్పుగా తోచదు. క్షణం కుదురుగా కూర్చోని మనిషికి మంచం కంటే పెద్ద శిక్ష ఏముంటుంది?

మీలో చాలామందికి ఆయన తెలిసి ఉండరు. అరవైల చివర్లో మా యూనివర్సిటీలో సాయంత్రాలు బొమ్మలు నేర్పేవారు. కాగితం ఆయనకు ఇరుకు, బోర్డు కూడా ఇరుకే. తార్నాకలో ఇరానీ హోటల్‌కు వెళితే సాసర్లో ఒలికిన చాయ్‌తో బల్లంతా గీసేసేవారు. ఆయన ఎప్పుడు లేస్తారా అని సర్వర్ గుడ్డ పట్టుకుని కాచుకునేవాడు. "గీసినంక ఎనుకకు నడిచి చూడున్రి. దగ్గర్నుంచి చూస్తే మన చెయ్యే కనవడ్తది" అనేవారు. అలా వెనక్కి నడుస్తూ ఒకసారి తానే మురికి కాలువలో పడ్డారు. మేం నవ్వాపుకుంటుంటే ముందు ఆయనే గట్టిగా నవ్వేశారు.

మా క్లాసులో నేపాల్ నుంచి వచ్చిన అబ్బాయి ఒకతను ఉండేవాడు. వాళ్ల ఇల్లు నేపాల్‌లో, ఎదురుగా కనిపించే పొలాలు మన దేశంలో. కోతలయ్యాక రెండు వైపులా నేలంతా ఖాళీగా ఉంటుందని అతను చెప్పగానే సార్ ముందున్న చాయ్ మరిచిపోయారు. సగం అటు, సగం ఇటు, రెండు దేశాల మీదా ఒకే ముగ్గు వెయ్యాలట. "పైనుంచి చూసేటోనికి హద్దు కనవడొద్దు, ముగ్గే కనవడాలె" అన్నారు. ముగ్గులు మా చేతిలో పనే కదా అని లేడీస్ హాస్టల్లో మమ్మల్ని పట్టుకున్నారు. నాకు వచ్చింది వాకిలి ముగ్గు, ఆయన వేయమన్నది ఊరంత ముగ్గు.

ముందు క్యాంపస్‌లోనే, తార్నాక వైపు ఖాళీ జాగాలో వేసి చూశాం. తాళ్లు పట్టి, డబ్బాలతో సున్నం పోస్తూ పెద్ద పెద్ద చదరాలు, నక్షత్రాలు. పొద్దెక్కేసరికి అక్కడే గుడిసె వేసుకుని ఉన్న ఒక అవ్వ వచ్చి సరిగ్గా ముగ్గు నడుమ కూలబడింది.

"పొయ్యున్రి, నా మీదికెల్లి పొయ్యున్రి! ముగ్గు పోసిన్రంటే గోడ లేస్తది. నేనేడికి పోవాలె?" అని ఏడ్చింది.

ఇంటి పునాదికి సున్నంతో గీతలు గీయడాన్ని కూడా మనం ముగ్గు పోయడమనే అంటాం. ఆ సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. ఇదివరకు ఎవరో పోసిన అలాంటి ముగ్గుకే అవ్వ పాత గుడిసె పోయిందట.

ఇది ఉత్త బొమ్మేనని మేం చెప్పబోతే సార్ ఆపారు. అవ్వ పక్కనే నేల మీద కూర్చున్నారు. "భయపెట్టేది బొమ్మెట్లయితది?" అన్నారు మాతో. తర్వాత చీపురు తెప్పించి పొద్దున్నుంచీ వేసిందంతా తానే ఊడ్చేశారు. నాకు ప్రాణం ఉసూరుమంది. అవ్వే ఇంత బెదిరితే హద్దు పక్కన బతికేవాళ్లు తెల్లగీతను చూసి ఎంత బెదురుతారోనని ఆయన గుబులు. వాళ్లకు భయం పుట్టించేదైతే ఆ ముగ్గు అసలు వద్దన్నారు.

మర్నాడు కొత్తది మొదలుపెట్టాం. ఒక్క మూల లేదు, ఒక్క తిన్నని గీత లేదు. అంతా మెలికలే, మొదలైన చోటికే వచ్చి కలిసే ఒకే గీత. సార్ అవ్వను పిలిచి, "దీని మీద గోడ కడ్తరా అవ్వా?" అని అడిగారు. అవ్వ చుట్టూ తిరిగి చూసింది. "గీ వంకర్ల మీద ఏ మేస్త్రి కడ్తడు బిడ్డా, పిచ్చోడు గాకపోతే!" అని నోరారా నవ్వింది. మా అందరికీ ఊపిరి తిరిగింది. ఏ పనైనా మొదలుపెట్టే ముందు దానివల్ల ఎవరికి బెదురో చూసుకోవడం నాకు ఆ రోజు అబ్బింది. అది సార్ పెట్టిన భిక్షే.

కోతలయ్యాక రైలెక్కి వెళ్లాం. అక్కడ అటువాళ్లూ ఇటువాళ్లూ రోజూ దాటి తిరిగేవాళ్లే, అక్కడక్కడా రాళ్లు తప్ప హద్దంటూ కనిపించదు. అయినా మేం సున్నం తీయగానే జనం రెండు వైపులా పిల్లల చేతులు గట్టిగా పట్టుకుని దూరంగా నిలబడిపోయారు. ముగ్గు పూర్తయినా ఒక్కరూ కదల్లేదు. సార్ మొహంలో నెత్తుటి చుక్క లేదు. చివరికి ఒక ముసలాయన ముందుకొచ్చి ఏదో అడిగాడు.

"కొత్త హద్దు గీస్తున్నారా, మా పొలం ఎటు పోతుంది అంటున్నాడు" అని నేపాల్ అబ్బాయి చెప్పాడు.

"నడిచి చూడమను. గీత ఏడికి తీస్కపోతే గాడికి" అన్నారు సార్.

ముసలాయన గీత మీద నడక మొదలుపెట్టాడు. అది ఆయన్ని నేపాల్‌లోకి తీసుకెళ్లింది, తిప్పి మన దేశంలోకి తెచ్చింది, మళ్లీ అటు తీసుకెళ్లింది. చాలాసేపటికి బయలుదేరిన చోటికే వచ్చి ఆగి, కిందికి చూసుకుని పకపకా నవ్వాడు. అంతే, రెండు ఊళ్లూ ముగ్గులోకి దిగాయి. సాయంత్రానికి తొక్కి తొక్కి దాన్ని ఆనవాలు లేకుండా చేశారు. అయ్యో అనిపించి సార్ వైపు చూస్తే ఆయన పొలం గట్టు మీద చతికిలబడి హాయిగా బీడీ వెలిగించుకుంటున్నారు. గీత ఎక్కడా లేదు. సున్నం అంటిన పాదాల గుర్తులు మాత్రం అన్ని దిక్కులా, రెండు దేశాల గడపల దాకా వెళ్లాయి.