ఆంటీకి థాంక్స్ చెప్పండి

దయ్యాల కథలు చెప్పేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. ఎవరైనా మొదలుపెట్టగానే "ఎన్ని గంటలకి? అక్కడ ఇంకెవరున్నారు? మీరు కళ్ళారా చూశారా?" అని అడిగి వాళ్ళ ఉత్సాహం మీద నీళ్ళు చల్లేదాన్ని. నా ఉద్యోగమూ అలాంటిదే. అమెరికాలో ప్లేనో అనే ఊళ్ళో ఒక కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. "పనిచేస్తోంది" అని ప్రోగ్రాం రాసినవాళ్ళు చెప్పినా నమ్మకపోవడమే నా పని.

ఇప్పుడు నేనే అలాంటిదొకటి చెప్పాల్సి వచ్చింది. ఆ ప్రశ్నలన్నీ ముందు నన్ను నేనే అడుక్కున్నాను. జవాబు దొరికినవాటికి జవాబు రాస్తాను. దొరకనివాటిని దొరకలేదనే రాస్తాను.

మా అమ్మాయి నిహిరకి ఏడో తరగతిలో కాస్‌ప్లే పిచ్చి పట్టింది. జపాన్ కార్టూన్లలోనో, వీడియో గేముల్లోనో ఉండే పాత్రల్లా వేషాలు వేసుకోవడం. ఏటా వేసవిలో మా ఇంటికి గంట దూరంలో ఉన్న కన్వెన్షన్ సెంటర్లో ఆ పిల్లలంతా మూడు రోజులు కలుస్తారు. రెక్కలు, కవచాలు, నీలం జుట్టు, అట్టతో చేసిన కత్తులు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఇదేం సంత అనుకున్నాను. సాయంత్రానికి కెమెరా దించలేకపోయాను.

రెండో ఏడాది నుంచి అక్కడ రెండో అంతస్తులో ఒక గాజుగోడ పక్కన నిలబడి, అడిగిన పిల్లలందరికీ ఊరికే ఫొటోలు తీయడం మొదలుపెట్టాను. పిల్లల ఫొటోలు సోషల్ మీడియాలో పెట్టడం నాకు ఇష్టం లేదు. అందుకని నేనే కూర్చుని ఒక చిన్న వెబ్‌సైట్ కట్టాను. ఫొటో తీయగానే ఒక కార్డు ఇస్తాను, దానిమీద ఒక కోడ్ ఉంటుంది. అది కొడితే ఎవరి ఫొటోలు వాళ్ళకే కనిపిస్తాయి. కింద చిన్న డబ్బా: "ఏమైనా చెప్పాలా?" అందులో రాసింది నేరుగా నా ఫోన్‌కి వస్తుంది.

నిహిర వేషాలు కుట్టింది రాజ్యం ఆంటీ. మా వీధి చివర ఇల్లు. తెనాలి నుంచి వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. ఇంట్లోనే బ్లౌజులు కుట్టేవారు. మా ఊళ్ళో తెలుగువాళ్ళ పెళ్ళిళ్ళలో సగం జాకెట్లు ఆవిడ చేతివే. పిల్లలు లేరు. భర్త మూర్తి అంకుల్ ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యారు.

తను కుట్టిన రెక్కలు ఎలా ఉన్నాయో చూద్దామని మొదటిసారి మాతో వచ్చారు ఆంటీ. నా పక్కన నిలబడి ఉండగా ఎవరో పిల్లవాడి అంగీ అంచు ఊడి నేల మీద ఈడుస్తోంది. "ఉండు, ఉండు" అంటూ తన బ్యాగులోంచి సూదీ దారం తీసి, ఆ కార్పెట్ మీదే చతికిలబడి కుట్టేశారు. దారం పంటితో కొరికి "ఊఁ, ఇక వెళ్ళు" అన్నారు. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ వంగి కౌగిలించుకున్నాడు.

ఆ తర్వాత నాలుగేళ్ళు ఆవిడ లేకుండా నేను ఫొటోలు తీసింది లేదు. నా ఎడమ మోచేతి పక్కన నిలబడేవారు. అయిదడుగులు కూడా ఉండరు. పిల్లలు కెమెరా ముందుకి రాగానే ఆవిడ చూపు ముందు కుట్ల మీద పడేది. ఊడిన బొత్తాం, జారిన భుజం, చిరిగిన జేబు. "ఆంటీ" అన్నది ఆవిడ పేరే అనుకునేవాళ్ళు ఆ అమెరికన్ పిల్లలు.

నిరుడు ఫిబ్రవరిలో ఆంటీకి స్ట్రోక్ వచ్చింది. మాట దక్కింది, నడక మెల్లగా వచ్చింది. కుడి చెయ్యి మాత్రం పడిపోయింది.

అంత హుషారు మనిషి ఒక్కసారిగా డీలాపడిపోయారు. చేతికి వ్యాయామం చేయించడానికి థెరపిస్టు వస్తే కళ్ళు మూసుకునేవారు. ఒకరోజు నేను వెళ్తే గదిలో కుట్టుమిషన్ మీద దుప్పటి కప్పి ఉంది.

"శైలూ, దీన్ని ఎవరికన్నా ఇచ్చెయ్యవే. ఎదురుగా ఉంటే చూడలేకపోతున్నా" అన్నారు.

నేను మాట మార్చాను.

ఆ వేసవిలో కన్వెన్షన్‌కి నేను, నిహిర మాత్రమే వెళ్ళాం. శనివారం మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా గాజుగోడ దగ్గర ఫొటోలు తీశాను. నిహిర స్నేహితులతో కింది అంతస్తులో ఉంది. నా పక్కన ఎవరూ లేరు. ఆంటీ కుట్టు బ్యాగు వాళ్ళింట్లోనే ఉంది. నా దగ్గర పిన్నీసు కూడా లేదు. అక్కడ నాకేమీ వింతగా అనిపించలేదు. చలి వెయ్యలేదు, ఒళ్ళు జలదరించలేదు. పిల్లలు వచ్చారు, తీశాను, కార్డులిచ్చాను. ఆ రోజు ఒక్కరు కూడా "కుట్టు ఊడింది, పిన్నుందా?" అని అడగలేదని తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది.

సోమవారం సాయంత్రం ఫొటోలన్నీ గ్యాలరీలో పెట్టాను. గంటలో మొదటి సందేశం. ఇంగ్లీషులో ఉంది, నేను తెలుగులో చెబుతున్నాను. "ఫొటోలు చాలా బాగున్నాయి. ఆంటీకి థాంక్స్ చెప్పండి. ఆవిడ కుట్టాక నా భుజాల మీది కేప్ సాయంత్రం దాకా ఊడలేదు."

ఇదివరకు వచ్చిన పిల్ల ఎవరో పాత ఏడాది సంగతిని ఈ ఏడాదిదనుకుని రాసిందనుకున్నాను.

మర్నాటికి మరో రెండు వచ్చాయి. బుధవారానికి మొత్తం ఏడు. ఏడుగురూ వేరువేరు గుంపుల వాళ్ళు. ఒకళ్ళది మరొకళ్ళకి కనిపించదు, గ్యాలరీని నేను కట్టిందే అలా. అందరూ ఆంటీకి థాంక్స్ చెప్పమన్నవాళ్ళే. ఒకబ్బాయి రాసిన వాక్యం చదివి ఆఫీసులో కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. "ఆవిడ మాట్లాడిన భాష నాకు తెలీదు, కానీ ఊండూ ఊండూ అని రెండుసార్లు అన్నారు. అంటే ఏమిటి?"

కేప్ గురించి రాసిన అమ్మాయికి జవాబిచ్చాను. పేరు కేలీ. పక్క రాష్ట్రం ఓక్లహోమా నుంచి వాళ్ళమ్మతో వచ్చింది. ఏ కన్వెన్షన్‌కైనా రావడం అదే మొదటిసారి. నీకు కుట్టినావిడ ఎలా ఉన్నారని అడిగాను. "పొట్టిగా. ముడి వేసుకున్న జుట్టు. గొలుసుకి వేలాడే కళ్ళజోడు. మీ పక్కనే ఉన్నారు కదా?" అని రాసింది.

నేను చేయగలిగిందంతా చేశాను. వేషాలు చిరిగితే బాగుచేయడానికి అక్కడ వాలంటీర్ల బల్ల ఒకటి ఉంటుంది. వాళ్ళకి ఈమెయిల్ పెట్టాను. వాళ్ళలో అలాంటివారు లేరు, పైఅంతస్తుకి ఎవరూ రాలేదు. నిహిరని అడిగాను.

"అమ్మా, ఆంటీ వచ్చారా? నాకెందుకు చెప్పలేదు నువ్వు?" అని అది నామీదే కోపం తెచ్చుకుంది.

తర్వాత ఫొటోలన్నీ మొదటినుంచి చూశాను. ఆంటీ ఏ ఒక్కదాంట్లోనూ లేరు. అది ముందే చెప్పేస్తున్నాను. కానీ ఆ ఏడుగురి ఫొటోల్లో రెండు సంగతులు ఉన్నాయి. కేలీ మొదటి ఫొటోలో మెరూన్ రంగు కేప్ ఎడమ భుజం మీంచి జారి ఉంది. ఆరు నిమిషాల తర్వాత తీసిన దాంట్లో తెల్లదారంతో కుట్టేసి ఉంది. ఆ మధ్యలో వేరే పిల్లల్ని తీశాను, వెనక్కి తిరిగి చూడలేదు. ఇది ఎవరైనా చేసి ఉండొచ్చు.

రెండో సంగతిని అలా కొట్టిపారెయ్యలేకపోయాను. ఏడుగురికీ కనీసం ఒక ఫొటోలో చూపు లెన్స్‌లో లేదు. కొంచెం ఎడమకి, కొంచెం కిందికి చూస్తూ నవ్వుతున్నారు. నా ఎడమ మోచెయ్యి ఎత్తున. తీసేటప్పుడు ఫోన్ చూస్తున్నారేమో అనుకుని ఉంటాను.

ఈ సంగతి ఆంటీకి చెప్పాలా వద్దా అని నాలుగు రోజులు తేల్చుకోలేకపోయాను. భయపడతారేమో. అంతకన్నా, ఇక చేయలేని పనికి వచ్చిన థాంక్స్ చదివితే ఇంకా కుంగిపోతారేమో. ఆదివారం మధ్యాహ్నం పప్పూ, దొండకాయ వేపుడూ డబ్బాలో పెట్టుకుని వెళ్ళాను, ఏదీ తేల్చుకోకుండానే.

తలుపు తీసింది మూర్తి అంకుల్. ముఖం పీక్కుపోయి ఉంది. నన్ను వంటింట్లోకి పిలిచి గొంతు తగ్గించారు.

"అమ్మా శైలజా, రేపు డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది. నాకు భయంగా ఉంది. నిన్న కాదు, అంతకుముందు శనివారం రాజ్యం ఎడం చెయ్యి కూడా వణికింది."

"ఎప్పుడంకుల్?"

డాక్టర్‌కి చూపించడానికి రోజూ రాసుకునే నోటుబుక్కు ఆయన తెరిచారు. ఆ శనివారం పేజీలో ఇంగ్లీషులో, నీటైన అక్షరాల్లో ఉంది. మధ్యాహ్నం ఒకటీ నలభై అయిదు నుంచి మూడింటి దాకా ఎడమచేతి బొటనవేలూ చూపుడువేలూ కలిసి ఆగి ఆగి కదిలాయి. మెలకువగానే ఉంది. పిలిస్తే పలికింది. నొప్పి లేదంది.

"నేను పక్కనే కూర్చుని బట్టలు మడతపెడుతున్నానమ్మా. మంచి చెయ్యి కూడా పోతోందనుకున్నా" అన్నారు. ఆయన కళ్ళు తడిశాయి.

నేను ఫోన్ తీసి చూశాను. ఏడుగురి ఫొటోలూ ఒకటీ యాభైకీ మూడింటికీ మధ్య తీసినవే. అంకుల్ ఆ నోటుబుక్కు రాసేనాటికి నేను గ్యాలరీ పెట్టనే లేదు. ఈ సందేశాల గురించి అప్పటికి నిహిరకి తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. నిహిర ఆ ఇంటికి వెళ్ళలేదు.

ఇక దాచలేకపోయాను. లాప్‌టాప్ తెరిచి ఆంటీ ముందు పెట్టి, ఏడు సందేశాలూ ఒక్కొక్కటే చదివాను. ఆవిడ ముఖంలో భయం లేదు. "ఊండూ ఊండూ" దగ్గర పెదవి ఒక పక్కగా వంగింది. స్ట్రోక్ తర్వాత నేను చూసిన మొదటి నవ్వు అదే.

"మీరేమన్నా... ఆ రోజు మధ్యాహ్నం ఏమైనా కనపడిందా ఆంటీ?"

"ఏం కనపడలేదే. ఆ పిల్లలకి ఎవరు చూస్తున్నారో అని మాత్రం అనుకున్నా. ఏదీ, ఆ కేప్ ఫొటో జూమ్ చెయ్యి."

చేశాను. కళ్ళజోడు పైకి నెట్టుకుని, స్క్రీన్‌కి ముక్కు ఆనేంత దగ్గరికి వంగారు. చాలాసేపు చూశారు.

"కుట్టు నాదే. టాకాకీ టాకాకీ మధ్య నేనింతే వదుల్తా. కానీ ఇది చూశావా, ఇటు వాలాల్సినవి అటు వాలినై. ఎడం చేత్తో కుట్టినట్టుంది." కొంచెం ఆగి, "ముడి కూడా సరిగ్గా పడలేదు. ఖర్మ" అన్నారు.

అంకుల్ చేతిలో నోటుబుక్కు అలాగే ఉంది.

ఆంటీ తన ఎడమచేతిని ఒళ్ళోంచి తీసి, తిప్పి తిప్పి, ఎవరో కొత్తగా ఇచ్చిన వస్తువులా చూసుకున్నారు.

"ఏవండీ, ఆ మిషన్ మీద దుప్పటి తీసి, కింద సొరుగులో పెద్ద కన్నం సూది ఉంటుంది, అది పట్రండి. దారం శైలు ఎక్కిస్తుందిలే."

ఆ సాయంత్రం ఒక పాత తువ్వాలు మీద పదకొండు టాకాలు వేశారు. వంకరటింకరగా ఉన్నాయి. రెండుసార్లు వేలికి గుచ్చుకుంది, రెండుసార్లూ సూదినే తిట్టారు. మర్నాడు డాక్టర్ చూసి ఎడమచేతికి ఏ లోపమూ లేదన్నారు. మంగళవారం థెరపిస్టు వచ్చేసరికి ఆంటీ తయారై కూర్చున్నారట.

ఈ వేసవిలో చేతికర్ర పట్టుకుని మాతో కన్వెన్షన్‌కి వచ్చారు. గాజుగోడ దగ్గర కుర్చీ వేసి కూర్చోబెట్టాం. ఆ పూట అక్కడ మన ఆడవాళ్ళు ఇంకా ముగ్గురు ఉన్నారు, పిల్లల్ని తీసుకొచ్చిన అమ్మలు. రెండింటికి ఎస్కలేటర్ దిగి, పచ్చ రంగు విగ్గు పెట్టుకున్న ఒక పొడుగాటి అమ్మాయి మా వైపు రాబోయి ఆగింది. ఆ ముగ్గురినీ దాటుకుని సరాసరి ఆంటీ దగ్గరికి వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. కేలీ. ఆంటీ ఫొటో నేను ఎప్పుడూ ఆ అమ్మాయికి పంపలేదు.

"హాయ్ ఆంటీ! ఐ మిస్డ్ యూ" అంది.

ఆంటీ ఆ పిల్ల బుగ్గ నిమిరి, చొక్కా కాలరు సర్ది, నావైపు తిరిగారు. "బక్కచిక్కిందే, పోయినేడు కాస్త బొద్దుగా ఉండేది" అన్నారు.

ఫొటోల్లో చూసి అన్నారేమో. అయ్యుండొచ్చు. అడగడానికి నోరు తెరిచాను గానీ, ఆ ఇద్దరినీ చూశాక అడగబుద్ధి కాలేదు. ఇప్పటికీ అడగలేదు. ఆ శనివారం నా మోచేతి పక్కన ఎవరున్నారో నాకు తెలియదు. తెలిసిందల్లా, ఆ మధ్యాహ్నం నేను ఒక్కసారి కూడా ఎడమవైపుకి తిరిగి చూడలేదు.