ఊరుకున్న పిల్లాడు

వసకొమ్ము అరగదీసి పసిపిల్లలకు పట్టే ఆవిణ్ణి అందరూ వసమ్మ అనేవారు. అసలు పేరు ఆవిడే మరిచిపోయిందని గిట్టనివాళ్ళ మాట. కిటికీ పక్కన సానరాయి, సీసాల్లో వాము, సోంపు, కరక్కాయ, జాజికాయ. వస ఒక్క తిప్పు, కరక్కాయ రెండు, జాజికాయ అరతిప్పు. ఇంకొంచెం వెయ్యమంటే, "కన్నది నువ్వే, కాదన్లేదు. లెక్క మాత్రం నాది" అని కసిరేది.

మందు పట్టాక పిల్ల ఊరుకుంటే తల్లులకు ప్రాణం కుదుటపడేది. వసమ్మకు ఒళ్ళు జలదరించేది. మళ్ళీ పాలకోసం ఏడ్చేదాకా ఎవర్నీ గడప దాటనిచ్చేది కాదు. గది సద్దుమణిగిందంటే చాలు, ఏ మూలో ఓ పసివాడు ఊపిరి బిగబట్టుకుని ఉన్నట్టే ఉండేది ఆవిడకు.

ఒక మధ్యాహ్నం ఎదురింటి దర్జీ తల్లి కోడలినీ ఏడు నెలల మనవణ్ణీ వెంటబెట్టుకొచ్చింది.

"వదినా, పొద్దుట్నించీ ఒకటే గోల. అచ్చం తాత గొంతే! కాస్త నీ మందు పట్టు, ఊరుకుంటాడు."

"తాతే ఊరుకోలేదు ఏ మందుకీ" అంటూ వసమ్మ రాయి తడిపింది.

పిల్లాడు మోకాళ్ళు పొట్టలోకి ముడుచుకుని కెవ్వుమన్నాడు. అంతలోనే పాలిపోయి వేలాడిపోయాడు. కాసేపటికి మళ్ళీ కెవ్వు. వసమ్మ చెయ్యి రాయి మీదే ఆగిపోయింది. ఆ ఏడుపు వరస ఆవిడకు తెలుసు. పిల్లాడి కింది గుడ్డ లాగి చూసింది. ఎర్రటి జిగురు.

"వేడి చేసింది కదూ?" అంది దర్జీ తల్లి.

ఆ మాట వసమ్మదే. ముప్ఫై ఏళ్ళ కిందట ఇలాంటి గుడ్డే చూసి, ఇదే గదిలో ఈమెకే చెప్పింది. చలవకని సోంపు నీళ్ళు పట్టింది. ఈమె పెద్దకొడుకు ఊరుకున్నాడు. సాయంత్రానికి పోయాడు. ఆయుష్షు అంతేనని ఏడ్చి, తర్వాత పుట్టిన దర్జీని కూడా ఈ చేతికే అప్పగించింది ఆ పిచ్చితల్లి.

"ఆసుపత్రికి తీసుకుపో. ఇప్పుడే."

"కడుపునొప్పికి ఆసుపత్రా? చాదస్తం పట్టిందా వదినా? నీ చేతి మందు ఉండగా!"

కోడలు అత్త మొహం చూస్తూ నిలబడింది. చెప్పకపోతే కదలరు. చెబితే ఈ గుమ్మంలో 'వదినా' అన్న పిలుపు ఇక వినపడదు.

"నీ పెద్దోడిదీ వేడి కాదే" అంది వసమ్మ. "పేగులో పేగు దూరితే ఇలా ఎర్రగా పడుతుందట. ఎన్నేళ్ళకో ఓ నర్సమ్మ చెబితే తెలిసింది. వాడు నీరసించి ఊరుకుంటే, తగ్గిందనుకున్నాను. నీ బిడ్డను నేనే పోగొట్టాను. వీణ్ణయినా తీసుకుపో."

కోడలు పిల్లాణ్ణి భుజాన వేసుకుని పరుగెత్తింది.

పొట్ట కోశారు. పిల్లాడు బతికాడు. ఐదో రోజు దర్జీ తల్లి వచ్చింది. లోపలికి రాలేదు.

"ఆ రోజు పెద్దోడు ఊరుకున్నాక, వాణ్ణి నీ దగ్గరే పడుకోబెట్టి స్నానానికని నేను ఇంటికెళ్ళాను కదా. అప్పుడు వాడు కళ్ళు తెరిచాడా? ఒక్కసారైనా?"

లేదన్న మాట వసమ్మ నాలిక చివరిదాకా వచ్చింది. అంతకంటే సుఖమైన అబద్ధం ఇంకోటి లేదు.

"తెరిచాడు. మళ్ళీ నిద్రపోతాడులే అని నిన్ను పిలవలేదు."

"ఎటు చూశాడు?"

"గుమ్మం వైపు."

దర్జీ తల్లి ఆ గుమ్మంలోంచి కదల్లేదు. వసమ్మ తలెత్తి అటు చూడలేదు.