మొలతాడు కింది తామర

మా బావ సన్యాసిరావు రాసుకునే ట్యూబు మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాదు. తెల్లగా, వెన్నలాగా, నిశ్శబ్దంగా వచ్చి వేలి మీద కూర్చుంటుంది. నా కడుపుమంట అక్కడే మొదలయింది. తామరకి రాసే మందుకి వాసన లేకపోవడమేమిటి? చిన్నతనంలో నేను పూసుకున్న మందు నాకంటే ముందు వీధిలోకి వెళ్లేది. నేనింకా మలుపు తిరగకముందే అరుగుల మీది ఆడవాళ్లు పిల్లల్ని తమ దగ్గరికి లాక్కునేవారు.

ఇప్పుడు చోడవరంలో మా ఇల్లూ బావ ఇల్లూ పక్కపక్క వీధుల్లోనే గానీ, మేమిద్దరం పెరిగింది వడ్డాది వెళ్లే దారిలోని ఒక చిన్న ఊళ్లో, మా అమ్మమ్మగారింట్లో. మా నాన్న పోయాక అమ్మ నన్నూ, మా చెల్లెలు పైడమ్మనీ తీసుకుని పుట్టింటికి వచ్చేసింది. బావ మా మావయ్యకి ఒక్కగానొక్క కొడుకు, నాకంటే ఏడాది పెద్ద. అంటే ఆ ఇల్లు వాడిది, నేను ఆ ఇంట్లో ఉన్నవాణ్ణి. ఈ తేడా ఎవరూ నోటితో చెప్పలేదు. పాల మీద మీగడ ఎవరి గిన్నెలో పడేదో, చలికాలం అమ్మమ్మ దుప్పట్లోకి ముందు ఎవరు దూరేవారో చూస్తే చాలు. అన్నిటికీ మించి వాడి ఒళ్లు. ఎండలో తిరిగినా, బురదలో పొర్లినా, ఒక్క మచ్చ ఉండేది కాదు. చెమట పడితే నూనె రాసిన రాతిబొమ్మలా మెరిసేవాడు. ఊళ్లో ఏ ఆడమనిషి కనబడ్డా వాడి బుగ్గ పట్టుకునేది. నా బుగ్గ కూడా బుగ్గే కదా అని నాకుండేది.

వానాకాలం వస్తే మడుల్లో నీళ్లు, ఊరి పక్క పారే గెడ్డలో నీళ్లు, చూరు నుంచి నీళ్లు. మగపిల్లలం మొలతాడుకి ముందూ వెనకా గోచీ దోపుకుని పొద్దున్న గెడ్డలో పడితే ఆకలేసేదాకా లేచేవాళ్లం కాదు. గోచీ ఒంటి మీదే ఆరేది, మొలతాడు మాత్రం ఆరేది కాదు. నల్లటి నూలుతాడు నీరు పీల్చుకుని, రాత్రంతా నడుముని చల్లగా పట్టుకుని ఉండేది. నూతి దగ్గర చీలకి ఇంటిల్లిపాదికీ ఒకే తువ్వాలు వేలాడేది. ముందు మావయ్య తుడుచుకునేవాడు, తర్వాత బావ, అందరి తడీ పీల్చుకుని బరువెక్కాక ఆఖరున నేను. అది తప్పని ఎవరికీ తోచలేదు. వేరే తువ్వాలు కావాలంటే వేరు కాపురం అడిగినట్టు చూసేవారు.

ఆ వానల్లోనే నా నడుము మీద రూపాయి బిళ్లంత ఎర్రటి చక్రం లేచింది, మధ్యలో మామూలుగా, అంచున పొక్కులుగా. పక్కన ఇంకోటి. కొత్త బియ్యం వచ్చేవేళకి అవన్నీ కలిసిపోయి మొలతాడు కింద రెండో మొలతాడులా చుట్టుకున్నాయి.

ఉగాది ముందు రోజు వచ్చే కొత్త అమావాస్య నాడు మా ఇంట్లో బూరెల వాసనా, కోడికూర వాసనా కలిసి వాకిట్లోకి వచ్చేవేళ అమ్మమ్మ మమ్మల్నిద్దరినీ గడప దగ్గర నిలబెట్టి కొత్త మొలతాళ్లు కట్టేది. కొత్తది ముడిపడ్డాకే పాతది కోసేది. మగవాడి నడుము ఒక్క క్షణమైనా బోడిగా ఉండకూడదట. నా తామర మీదే కొత్త తాడు కట్టి, పసుపు రాసి, బూరె చేతిలో పెట్టేది. ఇప్పుడు తలుచుకుంటే ఆ పండగ నాకు చేశారో తామరకి చేశారో తెలియదు.

వైద్యం కూడా అమ్మమ్మే చేసేది. దారి పక్కన మొలిచే తంటెం ఆకు కోసుకొచ్చి, పుల్లమజ్జిగ పోసి రోట్లో నూరి, ముందు గోనెగుడ్డతో నా నడుముని ఎర్రగా రుద్ది, ఆ మీద ముద్ద పట్టించేది. మంట నడుములో పుట్టి నెత్తికెక్కేది. నేను వాకిలంతా గెంతేవాణ్ణి. పైడమ్మ అప్పటికి మాటలు బాగా వచ్చిన గుంట, నీళ్లు పోయే తూముబిళ్ల దగ్గర కూర్చుని చప్పట్లు కొట్టేది.

"అమ్మమ్మా, సూడే! అన్నయ్య తప్పెటగుళ్లు ఆడతన్నాడు!"

బావ మాత్రం నవ్వేవాడు కాదు. స్తంభాన్ని పట్టుకుని జాలిగా చూసేవాడు. నవ్వినా బాగుండేది.

బళ్లో మేష్టారు నన్ను లోపల కూర్చోనివ్వలేదు. అంటుకుంటుందని అరుగు మీద కూర్చోబెట్టేవారు. అరుగు మీదికి పలకలు కనబడతాయి గానీ పాఠం వినబడదు. అమ్మ మానిపించేసింది. బావ పెద్ద తరగతుల దాకా చదివాడు. నా చదువు పొట్లాల కాగితాల మీద సాగింది. మావయ్య మాడుగుల వెళ్లినప్పుడల్లా హల్వా తెచ్చేవాడు. హల్వాలో పెద్ద ముక్క బావకి, చిన్న ముక్కలు మాకు. నెయ్యి మరకల్లో అక్షరాలు పైకి తేలిన ఆ కాగితం నాకు. వెలుగుకి ఎదురుగా పట్టుకుని కూడబలుక్కునేవాణ్ణి. ఈనాటికీ చిన్న అచ్చు కనబడితే వదలను, ఏ బళ్లోనూ నేర్చుకోలేదు కాబట్టి ఇక చాలించమని ఏ మేష్టారూ చెప్పలేదు.

చలికాలం చెరకు నరికే రోజులొస్తే మాత్రం నా అసూయకి పొయ్యి వెలిగేది. ఊరి చివర గానుగ పాకలో పెనం కింద పిప్పి మంట, పైన పొంగుతున్న రసం, తేరిన మడ్డిని గరిటతో తీసేస్తూ మావయ్య, పాకం చిక్కబడేకొద్దీ గాలి కూడా చిక్కబడినట్టు ఒక తీపి వాసన. దిమ్మలు పోశాక పెనానికి అంటుకున్నది గీరుకునే హక్కు పిల్లలది. చెరకు ముక్క చెక్కి, దాంతో గీకి, వేడివేడిగా నాలుక కాలేలా తినడం. నేను గుమ్మం దాకా వెళ్తే చాలు.

"ఒరే రవణా, నువ్వటుండు బాబూ. నీ సెయ్యి పడిందని తెలిస్తే మన బెల్లం ఎవుడు కొంటాడు?" అనేవాడు మావయ్య. కోపంగా కూడా అనేవాడు కాదు.

నేను పిప్పి కుప్ప మీద కూర్చునేవాణ్ణి. అసలే దురద నడుము, కింద గుచ్చుకునే పిప్పి. లోపలి నుంచి బావ నవ్వు వినబడేది. కాసేపటికి వాడే పుల్ల చివర బంగారంలాంటి బెల్లం తెచ్చి నాకిచ్చేవాడు. నేను తినేవాణ్ణి. ఏడుస్తూ తినేవాణ్ణి. లాక్కుని తిన్న బెల్లం తీపి వేరు, ఎవరో జాలిపడి పెట్టిన బెల్లం తీపి వేరు.

ఎండాకాలం తగ్గడం, వాన పడగానే తిరిగి లేవడం, ఇలా మీసాలొచ్చేదాకా ఆ చక్రాలు నాతోనే పెరిగాయి. తర్వాత ఎందుకు పోయాయో నాకు తెలియదు. పెద్దయ్యాక నా చెల్లెల్ని కూడా బావకే ఇచ్చి చేశారు. ఇంకేం మిగిలింది వాడికి ఇవ్వడానికి?

మొన్నటి వానల్లో బావకి తామర వచ్చింది. ఇన్నేళ్లకి, ఆ నిగనిగలాడే నడుముకి, సరిగ్గా మొలతాడు కింద. నాకు లోపల చల్లగా అనిపించింది. ఇక గెంతుతాడు చూద్దామనుకున్నాను. వాడు గెంతలేదు. మందుల షాపుకెళ్లి చొక్కా ఎత్తి చూపించాడు, అక్కడి కుర్రాడు ఒక ట్యూబు ఇచ్చాడు. మూడో రోజున మా ఇంటికొచ్చి కుర్చీలో కాలు మీద కాలేసుకున్నాడు.

"ఒరే రవణా, మూడ్రోజులు రాసేను, దురద పోనాది. నువ్వు మీసాలొచ్చేదాకా గెంతేవు కదరా!"

ఆ మాట నన్ను కాల్చేసింది. నా బడి, నా బెల్లం, అమ్మమ్మ దుప్పటి, అన్నీ ఆ వేలెడు ట్యూబులో ఉన్నాయా? అవి నాకు కాకుండా వీడికా? ట్యూబు పెట్టెలో మడిచిన కాగితం వాడి దగ్గర అడిగి తెచ్చుకుని, భూతద్దం పెట్టి చదివాను. చీమల బారులాంటి అచ్చు. అందులో రెండు మందులున్నాయి. ఒకటి తామర పురుగుని, అంటే ఆ ఫంగస్‌ని, చంపేది. రెండోది స్టెరాయిడ్, ఎరుపునీ దురదనీ అణిచేది. కొద్ది రోజులే వాడాలనీ, డాక్టరు చెప్తేనే వాడాలనీ రాసి ఉంది. వెళ్లి చెప్పాను.

"నువ్వు కుళ్లుతో సదివేవురా. కుళ్లుతో సదివితే అలాగే కనబడుద్ది," అన్నాడు.

కుళ్లు ఉంది. కానీ అచ్చు అచ్చే కదా.

దురద పోగానే మానేశాడు. మళ్లీ వచ్చింది. మళ్లీ కొన్నాడు. ఈసారి పోవడానికి ఎక్కువ రోజులు పట్టింది, రావడానికి తక్కువ. చలికాలం నడిమికొచ్చేసరికి అది చక్రాల ఆకారం కూడా పోగొట్టుకుని, తొడలకీ పొట్టకీ పాకిపోయింది. అప్పుడు పైడమ్మ ఫోన్ చేసింది.

"అన్నయ్యా, మీ బావ తెల్లార్లూ గీరుకుంటన్నాడు. నా మాట ఇనడు. నువ్వొచ్చి తిట్టు."

ముగ్గురం కలిసి ఊళ్లో చర్మ వైద్యం చేసే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాం. చిన్న వయసు, మా వైపు పిల్ల కాదు. బావ చొక్కా ఎత్తగానే ఆమె ముఖం మారింది. నేనూ అప్పుడే చూశాను. ఉల్లిపొరలా పలచబడిపోయింది ఆ చర్మం. కింద నరాలు నీలంగా కనబడుతున్నాయి. తొడల మడతల్లో చీరినట్టు గీతలు.

"ఇది ఎవరు రాసిచ్చారు తాతగారూ?"

"మందుల షాపులో కుర్రోడమ్మా. మంచోడే."

"ఇందులో ఉన్న స్టెరాయిడ్ దురదని నిద్రపుచ్చింది. మీరు తగ్గిందనుకున్నారు, ఫంగస్ హాయిగా లోపల పెరిగింది. ఈ రకం క్రీము అసలు వాడకూడదని కాదు. వాపూ ఎరుపూ బాగా ఉంటే చూసి మేమే కొద్ది రోజులు ఇస్తాం. పలచగా, మచ్చ ఉన్నంత మేరే రాయాలి. చెప్పిన రోజు ఆపేసి, మాకు చూపించాలి. ముఖానికి వద్దు, చంకల్లో గజ్జల్లో సొంతంగా వద్దు, పైన కట్టు కట్టొద్దు, పిల్లలకి అస్సలు వద్దు. ఒకరి ట్యూబు ఇంకొకరు వాడొద్దు."

"ఇప్పుడేటి సెయ్యాలమ్మా?" అంది పైడమ్మ.

"ఇది మానేసి, ఫంగస్‌కి మాత్రమే పనిచేసే ఈ క్రీము రెండు పూటలా రాయండి, ఈ మాత్రలు వేసుకోండి. పాతది ఆపగానే కొన్నాళ్లు మంటా దురదా పెరుగుతాయి. భయపడి మళ్లీ దాన్నే పట్టుకోవద్దు, ఓర్చుకోలేకపోతే నా దగ్గరికి రండి. మచ్చలు పోయినా నేను చెప్పేదాకా రాయాలి. తువ్వాలు వేరుగా పెట్టండి, బట్టలు ఎండలో ఆరేయండి. ఇంట్లో ఇంకెవరికైనా ఉంటే వాళ్లూ రావాలి. ఇంకోటి, ఆ మొలతాడు తీసెయ్యండి. తడంతా దాని కిందే నిలుస్తోంది."

అంతవరకూ బుద్ధిగా తలాడించిన బావ చొక్కా కిందికి లాక్కున్నాడు.

"అదొక్కటీ అవదమ్మా. మా ఆడది బతికుంది."

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నేనే చెప్పాల్సి వచ్చింది. మా వైపు పెళ్లయిన మగవాడికి మొలతాడు తీసేది భార్య పోయినప్పుడే. ఆమె ఉండగా తీశాడంటే, ఆమె చావు కోరినట్టు.

"ఏటయ్యా, ఆ తాడు పట్టుకునా నాను బతుకుతన్నాను?" అంది పైడమ్మ.

"నువ్వూరుకోయే."

"ఊరుకుంటే పీకలదాకా పాకుద్ది. అమ్మా, ఆ బల్ల మీది కత్తెరిలా ఇయ్యి."

బావ ఆమె మణికట్టు పట్టుకున్నాడు. ఈ వయసులో, డాక్టరమ్మ ఎదట, వాడి కళ్లు నీళ్లతో నిండిపోయాయి.

"నీకేటన్నా అయితే?"

"ఏటీ అవదు. నువ్వు గీరుకోడం మానితే నాకు నిద్దర పడుద్ది. సెయ్యి తియ్యి."

తాడు తెగిన చప్పుడు చిన్నదే. నేను గోడ మీది బొమ్మ వైపు చూస్తూ నిలబడ్డాను. నా మొలతాడు మా ఆవిడ పోయిన నాడు తీశారు. వద్దనడానికి నాకు ఎవరూ లేకపోయారు.

అమ్మమ్మగారి ఊళ్లో గానుగ పాక ఇప్పుడు లేదు, ఆ చోట ప్లాట్ల రాళ్లు పాతారు. నూతి దగ్గర చీలా లేదు, నుయ్యీ లేదు. తామర ఉందని ఏ పిల్లవాణ్ణీ అరుగు మీద కూర్చోబెట్టరు, అసలు అరుగులే లేవు. తంటెం ఆకు మాత్రం రోడ్డు పక్కన ఎవరికీ అక్కరలేకుండా గుబురుగా పెరుగుతోంది.

సాయంత్రాలు నేను బావ ఇంటికి వెళ్తున్నాను, మందు సరిగా వాడుతున్నారో లేదో చూడటానికని చెప్పి. బావ స్నానం చేసి వచ్చాక పైడమ్మ వాడికి మాత్రమే కేటాయించిన తువ్వాలుతో నడుమంతా ఒత్తి ఆరబెట్టి, కళ్లద్దాలు పెట్టుకుని, మచ్చ అంచు దాటి కొంచెం దూరం దాకా పలచగా క్రీము రాస్తుంది.

"తగ్గిపోనాదే, ఇంకెందుకూ!" అంటాడు వాడు, చక్కిలిగింతకి మెలికలు తిరుగుతూ.

"డాక్టరమ్మ ఆపమన్నాదా? కదలకు. నిలబడు సరిగ్గా."

వాడు నిలబడతాడు. ఆమె తిడుతూనే రాస్తుంది, రాసినచోట ఊదుతుంది. నేను గుమ్మం పక్క కుర్చీలో టీ గ్లాసుతో కూర్చుని చూస్తుంటాను. నా నడుము పొడిగా, శుభ్రంగా ఉంది. ఒక్క మచ్చ లేదు, రాయడానికి ఎవరికీ పని లేదు.