సొట్టకు న్యాయమైన ధర

మా పెదనాన్నగారికి ‘న్యాయంగా’ అన్నది ఊతపదం. చల్లపల్లిలో చనిపోయిన ప్లీడరుగారి పెద్ద ఫారిన్ కారు బేరానికి వెళ్లి, ఎద్దును చూసినట్టు చుట్టూ తిరిగి చరిచి చూశారు. తలుపు మీద సొట్ట కనబడింది.

“న్యాయంగా చెప్పమ్మా, ఇంత దెబ్బతిన్న బండికి సగం ధర ఇస్తే ఎక్కువ కాదూ?”

ప్లీడరుగారి భార్య కళ్లొత్తుకుని తాళాలిచ్చేశారు.

పెట్రోలు ధర మండిపోయిన ఏడాది పెదనాన్నగారు ఆ కారును బెజవాడ డాక్టరుకు అమ్మజూపారు. డాక్టరు అదే సొట్ట మీద వేలు పెట్టాడు. పెదనాన్నగారు దాన్ని కండువాతో తుడిచారు.

“జమీందారుగారు ఆనుకుని నిలబడ్డ చోటండీ అది. న్యాయంగా దానికి వేరే ఇవ్వాలి.”

డాక్టరు నిజంగానే ఇచ్చాడు. తిరిగొస్తూ రిక్షాలో పెదనాన్నగారు నా దగ్గర వాపోయారు.

“వెనకవైపు సొట్ట ఆయన చూడనే లేదురా. న్యాయంగా దానిక్కూడా రావాలి మనకు.”